ఇంట్లో పాత సామాను ఆన్‌లైన్‌లో అమ్మితే లాభమేనా?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు ముందు వద్దన్నాను. కథలు, కవితలు నాకు రావు. "పోనీ అన్నా, మాకు పనికొచ్చే విషయం ఏదైనా రాయండి" అన్నారు. అందుకే నేను చేసి చూసిన, చేసి నష్టపోయిన, తిరిగి చేసి కొంత బాగుపడిన ఒక పని గురించి రాస్తున్నాను. ఇంట్లో వాడకుండా పడి ఉన్న వస్తువులను ఫోన్‌లో ఫొటో పెట్టి అమ్మడం.

2019లో మా ఇంట్లో ఉన్న ఒక టీవీ స్టాండ్‌ను 1,500 రూపాయలకు అమ్ముదామని ప్రకటన పెట్టాను. అమ్మబోయి 3,000 రూపాయలు పోగొట్టుకున్నాను. స్టాండ్ మాత్రం ఇంట్లోనే మిగిలింది! డిగ్రీ చదివినవాడిని, ఉద్యోగం చేస్తున్నవాడిని, ఇలా ఎలా మోసపోయానా అని నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. అది ఎలా జరిగిందో కింద వివరంగా చెబుతాను. మీలో ఎవరికీ అలా జరగకూడదన్నదే ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం.

రెండవ కారణం లెక్క. 2023లో నాకు విజయవాడ నుండి బదిలీ అయినప్పుడు మళ్ళీ అమ్మకానికి దిగాను. ఈసారి ఒక నోటుబుక్కులో ప్రతి వస్తువుకూ ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎన్ని గంటలు పట్టింది అని రాసుకున్నాను. ఆ లెక్కే ఈ వ్యాసానికి ఆధారం.

మన హాస్టల్‌లో జరిగే సంత

పాత వస్తువుల వ్యాపారం మనకు కొత్త కాదు. నేను 1996 నుండి 2001 వరకు మన హాస్టల్‌లో ఉండి ఇంటర్, డిగ్రీ చదివాను. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో పరీక్షలు అయిపోగానే వరండాలో ఒక సంత జరిగేది. వెళ్ళిపోయే సీనియర్లు బకెట్లు, ట్రంకు పెట్టెలు, దుప్పట్లు, తాళాలు, తెలుగు అకాడమీ పుస్తకాలు అక్కడే అమ్మేవారు. పుస్తకం కొత్తది అయితే సగం ధర. ఒకసారి చేతులు మారినది అయితే పావలా వంతు. అట్ట ఊడిపోతే ఊరికే ఇచ్చేసేవారు. నేను ఇంటర్ ఎకనామిక్స్ పుస్తకం 15 రూపాయలకు కొన్నాను. మొదటి పేజీలో అప్పటికే నలుగురి పేర్లు ఉన్నాయి. ఐదో పేరు నాది.

ఆ సంతలో ఫొటోలు లేవు, ప్రకటనలు లేవు. బేరం రెండు నిమిషాలు. ఎందుకంటే ఎవరి బకెట్‌కు అడుగున మైనం పెట్టారో, ఎవరి ట్రంకు పెట్టెకు గడియ సరిగా పడదో అందరికీ తెలుసు. అమ్మినవాడు మోసం చేస్తే వాడి తమ్ముడో, వాడి ఊరివాడో ఇంకా హాస్టల్‌లోనే ఉండేవాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో లేనిది సరిగ్గా ఇదే.

ఆన్‌లైన్ అంగడి ఎలా వచ్చింది?

1995లో అమెరికాలో పియర్ ఒమిడ్యార్ అనే ఆయన ఇంటర్నెట్‌లో వేలం పాట పెట్టే వెబ్‌సైట్ ప్రారంభించారు. అదే తరువాత ఈబే అయ్యింది. అందులో మొదట అమ్ముడుపోయిన వస్తువు పాడైపోయిన ఒక లేజర్ పాయింటర్. ధర 14.83 డాలర్లు. ఒకరికి పనికిరానిది ఎక్కడో ఇంకొకరికి కావలసి ఉంటుంది, ఆ ఇద్దరినీ కలిపితే చాలు అన్నదే ఈ వ్యాపారం మొత్తానికి పునాది.

మన దేశంలో 2000లో బాజీ డాట్ కామ్ వచ్చింది. 2004లో దానిని ఈబే కొన్నది. ఈబే ఇండియా వెబ్‌సైట్ 2018లో మూతపడింది. ఈలోగా ఓఎల్‌ఎక్స్, క్వికర్ వంటివి వచ్చి ఇంటింటికీ తెలిశాయి. 2016లో ఫేస్‌బుక్ తన మార్కెట్‌ప్లేస్‌ను అమెరికాతో సహా కొన్ని దేశాలలో ప్రారంభించింది, తరువాత అది మన దగ్గరకూ వచ్చింది. 2023లో ఓఎల్‌ఎక్స్ ఇండియాను కార్‌ట్రేడ్ టెక్ అనే కంపెనీ కొన్నది. ఇవి కాక అపార్ట్‌మెంట్ల వారు, ఒకే ఆఫీసు వారు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులలోనూ ఈ రోజుల్లో అమ్మకాలు బాగానే జరుగుతున్నాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈబే లాంటిది వేలం వేసి, డబ్బు ఇప్పించి, తన వాటా తీసుకునేది. మనం ఎక్కువగా వాడేవి అలాంటివి కావు. అవి గోడ మీద ప్రకటన అంటించుకోవడానికి చోటు ఇస్తాయి, అంతే. సాధారణంగా మామూలు ప్రకటనకు డబ్బు తీసుకోవు. ప్రకటనను పైకి కనిపించేలా పెట్టడానికి, పెద్ద ఎత్తున వ్యాపారం చేసే డీలర్ల నుండి తీసుకుంటాయి. కాబట్టి బేరం, డబ్బు, రవాణా, భద్రత అన్నీ మన నెత్తినే ఉంటాయి. "ఫ్రీ" అనే మాటకు అర్థం ఖర్చు లేదని కాదు. ఆ ఖర్చు మన సమయం రూపంలో పోతుందని.

నేను రాసుకున్న లెక్క

2023 ఏప్రిల్, మే నెలల్లో నేను తొమ్మిది రకాల సామాను అమ్మకానికి పెట్టాను. ముందుగా మా వీధి చివర పాత సామాన్ల కొట్టు అతనిని పిలిచి ఒక్కో దానికి ఎంత ఇస్తాడో అడిగి రాసుకున్నాను. ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే ఆన్‌లైన్‌లో వచ్చిన మొత్తం అంతా మన లాభం కాదు. కొట్టువాడు ఇచ్చే ధరకు పైన వచ్చినదే మన కష్టానికి ఫలితం.

1. ఫ్రిజ్ (ఎనిమిదేళ్ళు వాడినది): కొట్టు ధర 1,200. ఆన్‌లైన్‌లో 3,500. పట్టిన సమయం 5 గంటలు. డోర్ రబ్బరు మార్చడానికి 450 ఖర్చు.
2. ఎయిర్ కూలర్: కొట్టు ధర 500. ఆన్‌లైన్‌లో 2,200. సమయం 2 గంటలు.
3. పిల్లల సైకిల్: కొట్టు ధర 300. ఆన్‌లైన్‌లో 1,800. సమయం గంటన్నర.
4. చెక్క మంచం: కొట్టు ధర 800. ఆన్‌లైన్‌లో 4,000. సమయం 4 గంటలు.
5. పాత స్మార్ట్‌ఫోన్: ఫోన్ల కొట్టు ధర 900. ఆన్‌లైన్‌లో 2,400. సమయం 4 గంటలు.
6. మిక్సీ: కొట్టు ధర 150. ఆన్‌లైన్‌లో 400. సమయం 5 గంటలు. కొన్నవారికి తీసుకెళ్ళి ఇవ్వడానికి ఆటోకు రానూపోనూ 200.
7. గ్యాస్ స్టౌ, ఇస్త్రీ పెట్టె, గోడ గడియారం: అమ్ముడుపోలేదు. సమయం 3 గంటలు.
8. పిల్లల బట్టలు, బొమ్మలు: అమ్ముడుపోలేదు. సమయం రెండున్నర గంటలు.
9. పోటీ పరీక్షల పుస్తకాలు: అమ్ముడుపోలేదు. సమయం 4 గంటలు.

సమయం అంటే తుడవడం, ఫొటోలు తీయడం, ప్రకటన రాయడం, మెసేజ్‌లకు జవాబులు, ఫోన్లు, వస్తానన్నవారి కోసం ఎదురుచూపు అన్నీ కలిపి. మొత్తం 31 గంటలు.

అమ్ముడుపోయిన ఆరింటికి వచ్చినది 14,300 రూపాయలు. అవే కొట్టులో వేస్తే 3,850 వచ్చేవి. తేడా 10,450. అందులో ఖర్చులు 650 తీసేస్తే 9,800 మిగిలింది. 31 గంటలతో భాగిస్తే గంటకు సుమారు 316 రూపాయలు. ఫరవాలేదనిపిస్తుంది కదా!

కానీ ఈ సగటు మనల్ని మోసం చేస్తుంది. జాబితాను రెండుగా విడగొట్టి చూడండి. మొదటి నాలుగింటికి పన్నెండున్నర గంటలు పట్టింది, ఖర్చు పోను 8,250 మిగిలింది. గంటకు 660 రూపాయలు. మిగిలిన ఐదు రకాలకు పద్దెనిమిదిన్నర గంటలు పోయాయి, మిగిలినది 1,550. గంటకు 84 రూపాయలు. అంటే నా సమయంలో ఎక్కువ భాగం తక్కువ ఆదాయం వచ్చే వస్తువుల మీదే పోయింది. మిక్సీ ఒక్కదానినే తీసుకుంటే మరీ అన్యాయం. ఐదు గంటల శ్రమకు, ఆటో ఖర్చు పోను, నాకు అదనంగా వచ్చినది 50 రూపాయలు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే.

ఈ లెక్క మా అమ్మకు చెబుతూ "గంటకు 84 రూపాయలు, దండగ పని" అన్నాను. ఆమె ఊరుకోలేదు. "నువ్వు హాస్టల్‌లో ఉన్నప్పుడు నేను నాట్లకు పోతే పొద్దుటి నుండి సాయంత్రం దాకా 25 రూపాయలు ఇచ్చేవారు. అది దండగ అనుకుని ఉంటే నువ్వు చదివేవాడివా?" అంది. నిజమే. కాలం మారింది, రూపాయి విలువ మారింది, కానీ ఆమె చెప్పిన దానిలో ఒక న్యాయం ఉంది. 84 రూపాయలు ఎక్కువా తక్కువా అన్నది ఆ గంటలో మనం ఇంకేం చేయగలమన్న దానిని బట్టి ఉంటుంది. సెలవుల్లో వేరే పని లేని విద్యార్థికి అది మంచి సంపాదనే. పరీక్షకు నెల రోజులున్న విద్యార్థికి అదే గంట చాలా ఖరీదైనది. వారానికి ఒక్క ఆదివారం దొరికే ఉద్యోగికీ అంతే.

మరి ఆ మిక్సీ సంగతి? దానికీ అమ్మే జవాబు చెప్పింది. "కింద పోర్షన్‌లో కొత్తగా కాపురం పెట్టిన పిల్ల పచ్చడి రోట్లో నూరుకుంటోంది. ఆమెకు ఇచ్చేస్తే పోయేది కదా, రెండు ఆదివారాలు పాడు చేసుకున్నావు" అంది.

ధర ఎందుకు పడిపోతుంది?

చాలామందికి కోపం వచ్చే విషయం ఇది. "నిన్ననే కొన్నాను, ఒక్కసారి కూడా వాడలేదు, సగం ధర కూడా ఇవ్వరా?" అంటారు. దీనికి అర్థశాస్త్రంలో మంచి వివరణ ఉంది. 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త పాత కార్ల సంతను ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశారు. పాత కారు మంచిదో కాదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కాబట్టి కొనేవాడు భయపడి తక్కువ ధరే చెబుతాడు. ఆ ధరకు మంచి కారు ఉన్నవాడు అమ్మడం మానేస్తాడు. చివరికి సంతలో చెడ్డ కార్లే ఎక్కువ మిగులుతాయి. అప్పుడు కొనేవాడి భయం ఇంకా పెరుగుతుంది. ఇలాంటి పరిశోధనలకే ఆయనకు 2001లో మరో ఇద్దరితో కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ విషయం గుర్తుంచుకుంటే అందుకూ పనికొస్తుంది.

మన హాస్టల్ వరండాలో ఈ భయం లేదు. ఆన్‌లైన్‌లో ఉన్నదంతా ఈ భయమే. కాబట్టి అమ్మేవాడు చేయవలసిన అసలు పని కొనేవాడి భయం తగ్గించడం. బిల్లు ఉంటే చూపించాలి. వస్తువును నడిపించి వీడియో తీసి పెట్టాలి. లోపం ఉంటే ముందే చెప్పాలి. నేను ఫ్రిజ్ ప్రకటనలో "ఎడమ పక్కన సొట్ట ఉంది, కింది ట్రే పగిలింది, కూలింగ్ బాగుంది" అని రాసి, సొట్టను కూడా ఫొటో తీసి పెట్టాను. కొన్న అతను వచ్చి "సొట్ట చూపించారని నమ్మకం కుదిరి వచ్చానండీ" అన్నాడు.

అమ్మేవారికి కొన్ని సూచనలు

మొదటిది, ఏది అమ్మాలి? నా అనుభవంలో పెద్దవి, కొత్తవి కొంటే ఖరీదైనవి, చూడగానే బాగున్నదీ లేనిదీ తెలిసిపోయేవి అమ్ముడుపోతాయి. మంచం, బల్ల, సైకిల్, కూలర్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అలాంటివి. కొత్తదే 1,500 లోపు దొరికే వస్తువుకు శ్రమ పడకండి. అంత దూరం నుండి పాతదాని కోసం ఎవరూ రారు.

రెండవది, ఎప్పుడు అమ్మాలి? కూలర్ ఎండాకాలం మొదట్లో అమ్మాలి. వానలు పడ్డాక పెడితే అడిగేవాడు ఉండడు. మంచాలు, బల్లలు, సైకిళ్ళు జూన్‌లో బాగా పోతాయి, పిల్లలు కాలేజీల్లో చేరి గదులు తీసుకునే కాలం అది. బదిలీ ఆర్డరు చేతికి వచ్చాక చివరి వారంలో అమ్మితే మన తొందర ఎదుటివాడికి తెలిసిపోతుంది. కనీసం నెల ముందు మొదలుపెట్టండి.

మూడవది, ధర ఎంత చెప్పాలి? అదే వస్తువుకు మిగతావారు ఎంత పెట్టారో చూడండి. అయితే వారు అడిగే ధర వేరు, అమ్ముడుపోయే ధర వేరు. నెలల తరబడి అలాగే ఉన్న ప్రకటన ఉందంటే ఆ ధరకు ఎవరూ కొనలేదని అర్థం. బేరానికి కొంత వదిలిపెట్టి చెప్పండి. ఇంతకు తక్కువ ఇవ్వను అనే ధర మనసులో ముందే అనుకుని, ఇంట్లోవారికి కూడా చెప్పి ఉంచండి.

నాలుగవది, ఓపిక. "ఇది ఇంకా ఉందా?" అని మెసేజ్ పెట్టి మాయమయ్యేవారు చాలామంది ఉంటారు. వారి తప్పు కాదు, ఒక్క బటన్ నొక్కితే ఆ మెసేజ్ వెళ్ళిపోతుంది. మా ఫ్రిజ్‌కు 23 మంది మెసేజ్ పెట్టారు. ఆరుగురు ఫోన్ చేశారు. ముగ్గురు వస్తామన్నారు. వచ్చినది ఒక్కరు. "ఫైనల్ ఎంత?" అని వస్తువు చూడకుండానే అడిగేవారికి జవాబు ఒకటే: "వచ్చి చూడండి, మాట్లాడుకుందాం." అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని ఊరికే అనలేదు. మరీ తక్కువకు అడిగేవారిలో కొందరు కొని మళ్ళీ అమ్ముకునే వ్యాపారులు. అందులో తప్పు లేదు, కానీ వారితో తొందరపడకండి.

ఐదవది, జాగ్రత్త. వచ్చేవారిని పగటిపూటే రమ్మనండి. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు ఎవరినీ లోపలికి పిలవవద్దు. చిన్న వస్తువైతే గేటు దగ్గరో, నలుగురూ తిరిగే చోటో ఇవ్వండి. ప్రకటనలో ఇంటి నంబరు రాయవద్దు, ప్రాంతం పేరు చాలు.

నేను మోసపోయిన విధం

ఇప్పుడు టీవీ స్టాండ్ కథ. ప్రకటన పెట్టిన పది నిమిషాలకే ఫోన్ వచ్చింది. అవతలి వ్యక్తి హిందీలో మాట్లాడాడు. తాను సైన్యంలో పనిచేస్తున్నానని, ఈ ఊరికి బదిలీ అయ్యిందని చెప్పాడు. యూనిఫాంలో ఉన్న ఫొటో, ఒక గుర్తింపు కార్డు పంపాడు. బేరం ఆడలేదు. నేను అక్కడే అనుమానించవలసింది. వస్తువు చూడకుండా, ఒక్క రూపాయి తగ్గించమనకుండా కొనేవాడు ఎక్కడ ఉంటాడు?

"మనిషిని పంపి తీసుకెళ్తాను, డబ్బు ఇప్పుడే వేస్తాను" అని ఒక క్యూఆర్ కోడ్ పంపాడు. ముందు 5 రూపాయలకు స్కాన్ చేయమన్నాడు. చేశాను. వెంటనే 10 రూపాయలు తిరిగి వేశాడు. నాకు నమ్మకం కుదిరింది. తరువాత 1,500కు ఇంకో కోడ్ పంపాడు. స్కాన్ చేసి పిన్ కొట్టాను. నా ఖాతాలో నుండి 1,500 పోయింది. "అయ్యో, పొరపాటు జరిగింది, మళ్ళీ స్కాన్ చేయండి, రెండూ కలిపి వస్తాయి" అన్నాడు. కంగారులో మళ్ళీ కొట్టాను. మళ్ళీ 1,500 పోయింది. ఆ తరువాత ఆ ఫోన్ పలకలేదు. లాభానికి పోతే అసలుకే మోసం వచ్చింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ వ్యాసంలో మిగతావన్నీ మరచిపోయినా ఒక్క మాట గుర్తుంచుకోండి. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. పిన్ కొట్టామంటే డబ్బు మన ఖాతా నుండి పోతున్నదని అర్థం. డబ్బు పుచ్చుకునేవారు తమ కోడ్‌ను చూపించాలి, డబ్బు ఇచ్చేవారు దానిని స్కాన్ చేయాలి. అమ్మేవాడు స్కాన్ చేయవలసిన పని ఎన్నడూ ఉండదు. ఒకరు ఇంకొకరికి "డబ్బు పంపు" అని పెట్టే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబర్ 1 నుండి నిలిపివేశారు. అది మంచిదే. కానీ స్కాన్ చేయించే మోసానికి మన జాగ్రత్తే మందు.

డబ్బు పోతే సిగ్గుపడి నాలాగా నెల రోజులు దాచుకోవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఫోను, బండి అమ్మేటప్పుడు

ఈ రెండింటికీ మామూలు సామానుకు లేని చిక్కులు ఉన్నాయి.

ఫోన్ అమ్మే ముందు అందులోని ఫొటోలు, నంబర్లు వేరేచోట దాచుకోండి. బ్యాంకు, యూపీఐ యాప్‌ల నుండి బయటకు రండి. గూగుల్ ఖాతాను తీసేసి, ఆ తరువాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే కొన్నవారికి ఫోన్ తెరుచుకోక మళ్ళీ మన దగ్గరకే వస్తారు. సిమ్, మెమరీ కార్డు తీసుకోవడం మరువకండి. నాకు నాలుగు గంటలు పట్టినది ఈ పనులకే.

పాత ఫోన్ కొనేవారు బిల్లు అడగండి. *#06# కొడితే ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. ఆ నంబరును సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకుంటే దొంగిలించినదని నిలిపివేసిన ఫోనా కాదా తెలుస్తుంది. చవకగా వస్తున్నదని దొంగ సొత్తు కొంటే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగవలసి వస్తుంది.

బండి విషయంలో చాలామంది పెద్దవాళ్ళు కూడా పొరపాటు చేస్తున్నారు. డబ్బు తీసుకుని, తాళాలు ఇచ్చి, సంతకం చేసిన ఖాళీ ఫారాలు చేతిలో పెట్టి పంపేస్తారు. కొన్న వ్యక్తి పేరు మార్పించుకోడు. రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారి మీదే ఉంటుందని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజులలోగా రవాణా శాఖకు తెలియజేయాలి. 29, 30 నంబరు ఫారాలు పూర్తిగా నింపి, పేరు మారేదాకా వెంటపడండి. పది వేల బండి అమ్మి లక్షల కేసు తలకెత్తుకోవద్దు.

పుస్తకాల సంగతి

ఇక నా జాబితాలో తొమ్మిదవది. నా భార్య డీఎస్సీకి, గ్రూప్-2కు చదివిన పుస్తకాలు రెండు అట్టపెట్టెలు ఉన్నాయి. 1,000 రూపాయలకు పెట్టాను. "ఏ ఎడిషన్?" అని అడిగినవారు ఉన్నారు. "కొరియర్ ఖర్చు మీరే పెట్టుకోండి" అన్నవారు ఉన్నారు. "పాలిటీ ఒక్కటే ఇస్తారా?" అన్నవారు ఉన్నారు. కొన్నవారు లేరు. పాత పేపర్ల కొట్టులో తూకానికి వేస్తే 300 వస్తాయన్నాడు.

ఆ పెట్టెలు సర్దుతుంటే అడుగున నా ఎకనామిక్స్ పుస్తకం దొరికింది. సంతలో అమ్మకుండా ఎందుకు దాచుకున్నానో గుర్తు లేదు. ఐదు పేర్లు అలాగే ఉన్నాయి. ఆ పుస్తకం ఐదుగురిని ఇంటర్ గట్టెక్కించింది. నేను దాచుకోకుండా ఉంటే ఆరో పేరు, ఏడో పేరు కూడా ఉండేవి. ఇరవై ఏళ్ళు అది పెట్టెలో ఊరికే పడి ఉంది. సిలబస్ మారిపోయింది, ఇప్పుడు ఎవరికీ పనికిరాదు. వాడని వస్తువు ఇంట్లో ఉంచుకోవడం వల్ల జరిగే నష్టం ఏమిటో నాకు అప్పుడు బాగా తెలిసింది.

మిగతా పుస్తకాలను ఆ సెలవుల్లోనే మన హాస్టల్‌కు తెచ్చి ఇచ్చాను. కరెంట్ అఫైర్స్ తీసేశాను, అవి ఏడాది దాటితే తూకానికే. చరిత్ర, భూగోళం, అరిథ్‌మెటిక్, వ్యాకరణం ఇచ్చాను. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తే అరిథ్‌మెటిక్ పుస్తకం అట్ట ఊడిపోయి, దారంతో కుట్టి ఉంది. మొదటి పేజీలో మూడు పేర్లు ఉన్నాయి. నా నోటుబుక్కులో ఆ వరుసలో వచ్చిన డబ్బు కింద సున్నా అనే ఉంది. దిద్దలేదు.

చివరి మాట

కాబట్టి ప్రశ్నకు నా జవాబు ఇది. అన్నీ అమ్మడం లాభం కాదు, అన్నీ పడేయడమూ తెలివి కాదు. ప్రతి వస్తువుకూ ముందు రెండు అంకెలు రాసుకోండి. కొట్టువాడు ఎంత ఇస్తాడు, ఆన్‌లైన్‌లో ఎంత రావచ్చు. ఆ తేడా మీ ఒక పూట సమయానికి తగినట్లు ఉంటే అమ్మండి. లేకపోతే తెలిసినవారిలో ఎవరికి అవసరమో చూసి ఇచ్చేయండి. పాడైన ఫోన్లు, బ్యాటరీలు చెత్తలో వేయకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి.

పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం. ఇళ్ళు మారేటప్పుడు, బదిలీలప్పుడు మంచి పుస్తకాలు, స్టడీ టేబుల్, టేబుల్ లైటు, నడుస్తున్న ఫోను లాంటివి మిగిలితే ముందు మన హాస్టల్‌కు ఒక ఫోన్ చేయండి. దూరంగా ఉన్నవారు పుస్తకాలు పోస్టులో పంపవచ్చు. తపాలా శాఖ 2025 మే 1న జ్ఞాన్ పోస్ట్ అనే సేవ ప్రారంభించింది. చదువుకు సంబంధించిన పుస్తకాల కట్టను 300 గ్రాముల నుండి ఐదు కిలోల వరకు పన్నులు కాక 20 నుండి 100 రూపాయలలో పంపుతారు.

హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్ళు ఒక రిజిస్టరు పెట్టండి. ఏది వచ్చింది, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తిరిగి ఇచ్చారు అని రాయండి. పరీక్షలు అయ్యాక వరండాలో సంత మళ్ళీ జరపండి. పావలా వంతు ధర అయినా ఫరవాలేదు, ఊరికే అయినా ఫరవాలేదు. ఒక్క నియమం మాత్రం పెట్టండి. ఎవరూ నాలాగా పుస్తకాన్ని పెట్టె అడుగున దాచుకుని ఇంటికి తీసుకుపోకూడదు.